ఉద్దానం రైతు మొలలో జానెడు కత్తి

పలాస: తెల్లవారుజామున తోటకు బయలుదేరే ఉద్దానం రైతు భుజాన తువ్వాలు వేసుకోవడం మరచిపోవచ్చు గాని, మొలలో కత్తి దోపుకోవడం మరచిపోడు. పిడితో కలిపి జానెడుంటుంది. కోసే భాగం, అంటే అలుగు, నాలుగంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. మడవడానికి వీలుండదు. చూడటానికి చిన్న ఇనుప ముక్కే. కాని జీడి, కొబ్బరి, పనస మీద ఆధారపడిన ఈ ప్రాంతంలో రోజుకు ఇరవై పనులకు అదే ఆధారం.

పెద్ద పనిముట్లు వేరే ఉన్నాయి. కొమ్మలు నరకడానికి మచ్చుకత్తి, కట్టెలకు గొడ్డలి, వరికి కొడవలి, ఇంట్లో కూరలకు కత్తిపీట. ఇవేవీ మొలలో పెట్టుకుని తిరిగేవి కావు. తాడు కోయాలన్నా, ఎరువు బస్తా మూతి విప్పాలన్నా, కొబ్బరి బోండానికి కన్నం పెట్టాలన్నా, పశువు మెడకు బిగిసిన పలుపు తెంపాలన్నా వెంటనే చేతికి అందేది ఈ చిన్న కత్తే. మందస కొండల్లో అడ్డాకులు, కొండచీపుర్లు సేకరించే సవరలకూ, తీరంలో వలలు బాగుచేసుకునే మత్స్యకారులకూ ఇటువంటిదే ఒకటి దగ్గర ఉండవలసిందే.

ఇంతగా వాడే వస్తువును ఎంచుకోవడంలోనూ, చూసుకోవడంలోనూ చాలామంది శ్రద్ధ పెట్టడం లేదు. మొద్దుబారిన కత్తితో బలవంతంగా కోయబోయి వేళ్లు తెగగొట్టుకుంటున్నారు. కత్తితో చేయకూడని పనులు చేసి ప్రాణం మీదకు తెచ్చుకుంటున్నవారూ ఉన్నారు.

చెట్టు ప్రాణం కాపాడే పదును

జీడి తోటకు ప్రధాన శత్రువు కాండం తొలిచే పురుగు. చెట్టు మొదట్లో, పైకి తేలిన వేళ్ల దగ్గర చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి రంపపు పొట్టులాంటి పొడి, బంక కనిపిస్తే పురుగు లోపల చేరిందన్న మాట. పట్టించుకోకపోతే ఆకులు పసుపుబారి, కొమ్మలు ఎండి, చివరకు చెట్టే పోతుంది. మొదటి దశలోనే బెరడును కత్తి మొనతో జాగ్రత్తగా చెక్కి, పురుగు తిన్న దారి వెంట వెళ్లి, దాన్ని బయటకు తీసి చంపాలి. ఆ తర్వాతే మందు పూత. ఈ పనికి గొడ్డలి పనికిరాదు. అది పురుగుతో పాటు మంచి బెరడునూ ఊడదీస్తుంది. సన్నని మొన ఉన్న చిన్న కత్తి అయితే పాడైనంత మేరకే తీయవచ్చు.

అంటు కట్టేవారికి పదును మరింత ముఖ్యం. జీడిలో లేత వేరు మొక్క తల కోసి, కాండాన్ని నిలువుగా చీలుస్తారు. మేలు జాతి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మ ముక్క అడుగును మేకులా చెక్కి ఆ చీలికలో దింపి కడతారు. రెండు కోతలూ నున్నగా ఉండి ఒకదానికొకటి అతుక్కుంటేనే అంటు బతుకుతుంది. మొద్దు కత్తి కోయదు, నలుపుతుంది. నలిగిన చోట తడి చేరి కుళ్లిపోతుంది. పురుగు పట్టిన చెట్టును చెక్కిన కత్తితోనే అంటు కట్టడానికి కూర్చోవడం కూడా తగదు. దానికి వేరే కత్తి ఉంచుకోవాలి, లేదా బాగా కడిగి స్పిరిటుతో తుడవాలి.

పనస కోసేవారి ఇబ్బంది పాలు. కత్తికీ చేతులకూ బంకలా పట్టుకుంటుంది. నీళ్లతో ఎంత కడిగినా వదలదు. కోతకు ముందు అలుగుకూ అరచేతులకూ కొబ్బరి నూనె రాసుకోవడం ఇక్కడి ఇళ్లలో అందరికీ తెలిసిన ఉపాయమే. అయితే నూనె పిడికి తగలకుండా చూసుకోవాలి. జారే పిడి ఉన్న కత్తి పదునున్నకొద్దీ ప్రమాదం.

కంద కోసేటప్పుడు చేతులు దురద పెట్టడం మామూలే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. కత్తికి దురద లేకపోయినా కంద రసం, పనస పాలు, మామిడి జీడి అన్నీ ఇనుమును తినేవే. పని కాగానే కడగకపోతే మర్నాటికి మచ్చ, వారానికి తుప్పు తప్పవు.

పప్పు నిండుగా ఉంటేనే ధర

రైతు 80 కిలోల బస్తాల లెక్కన అమ్మిన జీడి పిక్కలు పలాస, కాశీబుగ్గల్లోని పరిశ్రమలకు చేరుతాయి. అక్కడ పిక్కను వేడిచేసి, పెంకు పగలగొట్టి, పప్పును ఆరబెట్టి, దాని మీది ఎర్రటి పొర తీస్తారు. ఇప్పుడు చాలా పనులకు యంత్రాలు వచ్చాయి. అయినా యంత్రం వదిలేసిన పొరను గీకి తీయడం, మచ్చలు చెక్కడం చేతి పనే. అది ఎక్కువగా ఆడవాళ్ల చేతుల్లో ఉంది. వారి చేతిలో ఉండేది వేలెడంత అలుగు ఉన్న చిన్న చాకు.

జీడిపప్పు బజారులో నిండు పప్పుకు ఒక ధర, బద్దకు మరో ధర, ముక్కకు ఇంకో ధర. నిండు పప్పులోనూ పౌను తూకానికి ఎన్ని గింజలు తూగుతాయన్న దాన్ని బట్టి రకాలు. 320 రకం అంటే పౌనుకు 300 నుంచి 320 గింజలు తూగేది. 180 రకంలో గింజలు లావుగా ఉంటాయి, ధర ఎక్కువ. చాకు కొంచెం లోతుకు దిగితే నిండు పప్పు బద్ద అవుతుంది. బద్ద ముక్క అవుతుంది. అందుకే పొర గీకే చాకుకు పదును ఉండాలి గాని మరీ పల్చని వాదర ఉండకూడదు. మొన కొంచెం గుండ్రంగా ఉంటే మేలు. తోటలో వాడే కత్తిని ఇక్కడ వాడలేరు, ఇక్కడి చాకును తోటకు తీసుకెళ్లలేరు.

పిక్క పెంకులోని రసం చర్మాన్ని కాల్చి పొక్కులు తెప్పిస్తుంది. ఆ రసం అంటిన కత్తితో పండు కోసుకుని తింటే పెదవులూ నాలుకా పొక్కుతాయి. జీడి పని కత్తిని తిండికి వాడకపోవడమే మంచిది.

సముద్రం మీద

నువ్వలరేవు, మంచినీళ్లపేట, బారువ, భావనపాడు వంటి తీర గ్రామాల్లో కత్తి అవసరం ఇంకో రకం. పడవలో వల వదిలేటప్పుడు తాడు మెలిక కాలికి చుట్టుకుంటే మనిషిని నీళ్లలోకి లాగేస్తుంది. ఆ క్షణంలో ముడి విప్పే వ్యవధి ఉండదు. తాడు తెంపాలి. కత్తి సామాను గంపలో అడుగున ఉంటే లాభం లేదు. అందరికీ తెలిసిన ఒకే చోట, చేయి చాస్తే అందేలా, ఒరతో సహా కట్టి ఉండాలి.

జనవరి మొదలు ఏప్రిల్ వరకు ఈ తీరానికి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. వలలో చిక్కిన తాబేలు గాలి కోసం పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలుకు అత్యధిక రక్షణ ఇచ్చింది. అది చిక్కిన చోట రెండు మూడు కన్నులు కోసి వదిలేస్తే వల మళ్లీ అల్లుకోవచ్చు. కత్తి మొన తాబేలు వైపు కాక పైకి ఉండేలా పట్టి, దారాన్ని లోపల్నుంచి బయటకు కోయాలి.

తిత్లీ నాడు

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో గాలులు వీచాయి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి, కంచిలి, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. దారులు మూసుకుపోయాయి, కరెంటు పోయింది. బయటి నుంచి కోత యంత్రాలు వచ్చేలోగా ఊళ్లలో ఉన్న గొడ్డళ్లూ, మచ్చుకత్తులూ, చిన్న కత్తులే పని చేశాయి. తీగల్లా చుట్టుకున్న కొమ్మలు తప్పించడానికీ, కూలిన పాకల కట్లు కోసి సామాను తీయడానికీ, పశువుల పలుపులు తెంపడానికీ పెద్ద పనిముట్టు పనికిరాదు. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు టార్చిలైటు, అగ్గిపెట్టె, తాడుతో పాటు పదునున్న కత్తినీ ఒక సంచిలో సర్ది పెట్టుకోవాలి.

మడత కత్తి కాదు, నిలువు కత్తి

పలాస, టెక్కలి బజార్లలో మెరిసే మడత కత్తులు దొరుకుతాయి. జేబులో పట్టడం వాటి సుగుణం. కాని తోట పనికి, సముద్రం పనికి అవి నిలబడవు. మడత కీలులో ఇసుక, ఉప్పు, పాలబంక చేరి బిగుసుకుపోతుంది. గట్టిగా నొక్కినప్పుడు అలుగు వేళ్ల మీదకు మడతపడే ప్రమాదమూ ఉంది. నిలువు కత్తికి కీలు లేదు. కడగడం తేలిక, ఒక చేత్తో ఒరలోంచి తీయవచ్చు. ఫిన్లాండు రైతులు, వేటగాళ్లు తరతరాలుగా నడుముకు కట్టుకునే 'పుక్కో' కూడా ఇటువంటి చిన్న నిలువు కత్తే. స్వీడన్‌లోని మోరా ప్రాంతంలో 1891లో మొదలైన కత్తుల తయారీ నేటికీ సాగుతోంది. మంచు దేశమైనా, ఇసుక నేల అయినా, ఆరుబయట పనిచేసే మనిషికి కావలసిన కత్తి దాదాపు ఒకటే.

కొనేటప్పుడు చూడవలసినవి మూడు. అలుగు పిడిలోకి ఎంత లోతుకు దిగిందో చూడాలి. అంగుళం మేకుతో ఆగిపోయిన కత్తి బలంగా తిప్పితే ఊడి వస్తుంది. పిడి చివరి దాకా ఇనుము ఉన్నది మేలు. పిడి మొదట్లో పొన్ను గట్టిగా ఉండాలి. పిడిని పిడికిట పట్టుకుంటే నాలుగు వేళ్లూ చోటు పట్టాలి, వేళ్లు అలుగు మీదకు జారకుండా ముందు చిన్న గట్టు ఉండాలి. అలుగు పొడవు గురించి ఆశ పడనక్కరలేదు. నాలుగంగుళాలకు మించితే చిన్న పనులకు అడ్డమే.

కొలిమి పనితనం

ఊరి కమ్మరి చేసిన కత్తికి బజారు కత్తికి లేని సుగుణం ఒకటుంది. అది వాడేవారి చేతికి, పనికి తగినట్టు తయారవుతుంది. ఎక్కువగా లారీల పాత కమాను పట్టీలనే వాడతారు. వంగి మళ్లీ నిలబడే ఉక్కు అది. దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, దాగలి మీద సుత్తితో సాగగొట్టి రూపు తెస్తారు. ఆకురాయితో అంచు తీస్తారు. ఆ తర్వాతిది అసలు పని. అలుగును మళ్లీ ఎర్రగా కాల్చి, నూనెలోనో నీళ్లలోనో ముంచుతారు. దీన్నే నీరు పట్టడం అంటారు. దానితో ఉక్కు గట్టిపడుతుంది, కాని గాజులా పెళుసు అవుతుంది. కింద పడితే విరిగేంత పెళుసు. అందుకని మళ్లీ సన్నని సెగ మీద వేడి చేస్తారు. రుద్ది మెరిపించిన ఇనుము మీద ఎండుగడ్డి రంగు వచ్చినప్పుడు ఆపితే వాదర నిలుస్తుంది. నీలం రంగు దాకా పోనిస్తే అలుగు మెత్తబడుతుంది. గడ్డి రంగు దాదాపు 220 డిగ్రీల దగ్గర, నీలం 300 డిగ్రీల దగ్గర వస్తాయి. కమ్మరి దగ్గర వేడి కొలిచే పరికరం ఉండదు. కన్నే కొలత.

ఇదే కారణాన వాడేవారు చేయకూడనిది ఒకటుంది. కత్తిని పొయ్యిలో పెట్టి ఎర్రగా కాల్చి వాడితే నీరు పోతుంది. ఆ తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. కరెంటు సాన మీద నీళ్లు తగలకుండా నిప్పురవ్వలు రాలేలా పట్టినా అంతే. అంచు నీలంగా మారిందంటే చెడిందన్న మాటే.

నూరడం, దాచడం

సానరాయిని నీళ్లతో తడిపి కదలకుండా పెట్టుకోవాలి. అలుగును రాయి మీద బల్లపరుపుగా పెట్టి, వీపు వైపు కొంచెం పైకెత్తాలి. ఎంత ఎత్తాలన్నదానికి తేలిక లెక్క ఉంది. అలుగు వెడల్పులో మూడో వంతు. అంగుళం వెడల్పు అలుగైతే అంగుళంలో మూడో వంతు ఎత్తు. ఆ వాలు మార్చకుండా మొదలు నుంచి మొన దాకా రుద్దాలి. రెండో వైపు అంచున వేలికి సన్నటి గరుకు తగిలే వరకు ఒక వైపే రుద్ది, అప్పుడు తిప్పాలి. చివరకు మెత్తగా రెండు వైపులా నాలుగైదు సార్లు రుద్ది, పాత తోలు పట్టీ మీద వెనక్కి లాగితే గరుకు పోతుంది. పదును చూడటానికి బొటనవేలు అడ్డంగా పెట్టి లాగకూడదు. పాత కాగితాన్ని కోసి చూస్తే చాలు.

సముద్రపు గాలిలో ఉప్పుంటుంది. ఉద్దానంలో ఇనుము మిగతా చోట్ల కంటే తొందరగా తుప్పు పడుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే కత్తిని మంచినీళ్లతో కడిగి, పొడి గుడ్డతో తుడిచి, చుక్క నూనె రాయాలి. తడి కత్తిని తోలు ఒరలో పెట్టి వదిలేయకూడదు. తోలు తడిని పట్టి ఉంచుతుంది. రాత్రి కత్తీ ఒరా వేరు వేరుగా, పిల్లలకు అందని చోట ఉంచాలి. ఒరకు అడుగున గట్టిదనం లేకపోతే మొన చీల్చుకుని తొడలో దిగే ప్రమాదం ఉంది. ఒర లేకుండా పంచె మడతలో దోపుకోవడం ఎంత అలవాటైనా మానుకోవలసినదే.

కత్తితో చేయకూడనివి

మొలలో కత్తి ఉందన్న ధైర్యంతో చీకటిలో జీడి తోటలకు వెళ్లేవారున్నారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి పరిసరాల్లో ఎలుగుబంటి దాడిలో ఒకరు మరణించారు, పలువురు గాయపడ్డారు. ఎలుగు ముందు నాలుగంగుళాల కత్తి ఎందుకూ కొరగాదు. దాన్ని పొడిచేంత దగ్గరకు అది వచ్చిందంటే పంజా అప్పటికే పడి ఉంటుంది. గుంపుగా వెళ్లడం, మాట్లాడుకుంటూ, చప్పుడు చేస్తూ నడవడం, పండ్లు రాలే రోజుల్లో మసక వెలుతురు వేళ తోటకు పోకుండా ఉండటం, ఎలుగు కనిపిస్తే అటవీ శాఖకు కబురు చేయడం మంచివి.

పాము కరిచిన చోట కత్తితో గాటు పెట్టి రక్తం పిండటం మరీ ప్రమాదకరం. విషం అలా బయటకు రాదు. కొన్ని పాముల విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అటువంటప్పుడు పెట్టిన గాటు నుంచి రక్తం ఆగకుండా పోతుంది. నరాలు తెగవచ్చు, చీము పట్టవచ్చు. కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి, ఉంగరాలూ కడియాలూ తీసి, 108కు ఫోన్ చేసి ఆలస్యం లేకుండా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చడమే మార్గం. అక్కడ ఇచ్చే విరుగుడు సూది మందే ప్రాణం కాపాడుతుంది.

తగాదాల మాట చెప్పనక్కరలేదు. గట్టు దగ్గర మాటామాటా పెరిగినప్పుడు చేతిలో కత్తి ఉంటే రెండు కుటుంబాలు కోర్టుల చుట్టూ తిరుగుతాయి. 1959 నాటి ఆయుధాల చట్టం ఇంటికీ వ్యవసాయానికీ మాత్రమే ఉద్దేశించిన వస్తువులను ఆయుధాలుగా లెక్కించదు. ఆ చట్టం కింది నియమాలు 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను ప్రమాదకర ఆయుధాల జాబితాలో చేర్చాయి. వాటిలోనూ ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనులకు తయారైనవాటిని మినహాయించాయి. కాబట్టి రైతు తన చిన్న కత్తితో తోటకు వెళ్లడానికి భయపడనక్కరలేదు. కాని పనికి పుట్టిన కత్తితోనే మనిషిని గాయపరిస్తే అది ప్రమాదకర ఆయుధంతో చేసిన నేరమే అవుతుంది. జాతరకు, ఎన్నికల సభకు, నిషేధాజ్ఞలున్న చోటికి వెళ్లేటప్పుడు కత్తిని ఇంట్లో వదిలి వెళ్లాలి.

చేయి తెగితే

ఎంత జాగ్రత్తపడినా పనిలో చేయి తెగుతూనే ఉంటుంది. సున్నం, కాఫీ పొడి, బూడిద అద్దడం ఇంకా పోలేదు. వాటితో మలినం గాయంలో చేరుతుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా పది నిమిషాలు అదిమి పట్టి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. రక్తం ఆగాక ధారగా పోసిన మంచినీళ్లతో, సబ్బుతో కడిగి కట్టు కట్టాలి. రక్తం ఆగకపోయినా, వేలు కదలకపోయినా, మొద్దుబారినా ఆసుపత్రికి వెళ్లాలి. ధనుర్వాతం టీకా వేసుకుని ఎన్నాళ్లయిందో డాక్టరుకు చెప్పాలి.

ఉద్దానంలో మరో జాగ్రత్త కూడా తప్పనిసరి. ఇక్కడ మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపిందో అందరికీ తెలుసు. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. చేయి తెగిన నొప్పికి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో అడిగి వేసుకునే నొప్పి మాత్రల్లో చాలావాటికి మూత్రపిండాలను దెబ్బతీసే గుణం ఉంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి పనిచేసేవారికి ఆ ముప్పు ఎక్కువ. గాయం చిన్నదే అయినా మాత్ర డాక్టరును అడిగే వేసుకోవాలి.

కొలిమి ఆరిపోకుండా

బజారు కత్తులు చవకగా దొరకడంతో ఊళ్లలో కొలుములు తగ్గుతున్నాయి. కొడుకులు వేరే పనులకు పోతున్నారు. కమ్మరి లేని ఊరిలో నీరు పోయిన కత్తికి మళ్లీ నీరు పట్టేవారుండరు, ఊడిన పిడి బిగించేవారుండరు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 చేతివృత్తుల్లో కమ్మరం ఒకటి. శిక్షణతో పాటు పనిముట్ల కోసం 15 వేల రూపాయల వరకు సాయం, తొలి విడత లక్ష, మలి విడత 2 లక్షల రూపాయల వరకు 5 శాతం వడ్డీకి రుణం అందులో ఉన్నాయి. అర్హులైన కమ్మరులు దరఖాస్తుల విషయం గ్రామ సచివాలయంలో అడిగి తెలుసుకోవచ్చు.

రైతులు చేయగలిగింది కూడా ఉంది. దసరాకు కత్తులు కడిగి పసుపు కుంకుమలు పెట్టి పూజ చేయడం ఇక్కడి ఆచారం. పూజకు ముందు వాటిని ఒకసారి కొలిమికి తీసుకెళ్లి పదును, పిడి, పొన్ను సరిచూపించుకుంటే, పిక్కల కోత నాటికి కత్తి సిద్ధంగా ఉంటుంది. కమ్మరికి నాలుగు రూపాయలు దొరుకుతాయి. కొలిమి మరో ఏడాది వెలుగుతుంది.